గుండె జబ్బు, రక్తపు పోటు: ఇంటియొద్ద పరిచర్య

రక్తపు పోటు ఎక్కువగా నున్నదని వైద్యుడు చెప్పిన దినమున ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. మందుబిళ్ళలు వచ్చును. కూరలో ఉప్పు తగ్గును. చుట్టములు పరామర్శకు వచ్చి తలకొక సలహా చెప్పి పోవుదురు. ఒక నెల గడచును. రోగికి తలనొప్పి లేదు, ఆయాసము లేదు, ఆకలి చక్కగా నున్నది. “ఇప్పుడు బాగానే యున్నది గదా, ఇంక ఈ బిళ్ళలెందుకు?” అని ఆయనయే అనును, లేక ఇంటివారే అందురు. బిళ్ళలు అలమారులో నిలిచిపోవును. పక్షవాతమునకును గుండెపోటునకును పెక్కు గృహములందు తలుపు తీసినది ఈ వాక్యమే.

ఈ చిన్న పుస్తకము అట్టి గృహస్థుల కొరకు ఉద్దేశింపబడినది. ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సు ఉండును. ఆమె పని ఆమె యెరుగును. కాని గుండె జబ్బు గల మనుష్యుడు ఆసుపత్రిలో గడపునది కొలది దినములు, ఇంటియొద్ద గడపునది సంవత్సరములు. ఆ సంవత్సరములలో ఆయనకు నర్సు భార్యయో, కోడలో, కుమారుడో అగును. వారికి పెద్ద చదువు అక్కరలేదు. ప్రతిదినము ఒకే వేళకు చూచి, చూచినదానిని ఒక నోటు పుస్తకములో వ్రాసి పెట్టు ఓపిక యుండిన చాలును. ఈ జబ్బులు ముదురునపుడు ముందుగా చిన్న చిన్న గుర్తులు చూపును. వాటిని నెలకొకసారి చూచు వైద్యునికంటె ఇంటనుండువారే మొదట చూడగలరు.

పోటు అను మాట

గుండె నిమిషమునకు సుమారు 70 సారులు ముడుచుకొని రక్తమును ధమనులలోనికి నెట్టును. ఆ రక్తము ధమనుల గోడలపై కలిగించు ఒత్తిడియే రక్తపు పోటు. ఇది ప్రతివారికిని ఉండును. లేనిచో ప్రాణమే లేదు. “నాకు బి.పి. ఉన్నది” అని వాడుకలో అనుచున్నాము గాని, “ఎక్కువగా నున్నది” అనుట సరియైనది. ఇచట మాటను గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. తెలుగున పంటిపోటు, తలపోటు అనినపుడు పోటు అనగా నొప్పి. సముద్రపు ఆటుపోటులు అనినపుడు పోటు అనగా నీటి పొంగు. రక్తపు పోటులోని పోటు ఈ రెండవ దానివంటిది. మాటను మొదటి అర్థమున గ్రహించినవారు, నొప్పి లేదు గనుక పోటు లేదని తలచుట సహజము. నిజమునకు చాలమందిలో ఇది ఏ బాధయు తెలియనీయక, ఏండ్ల తరబడి మెదడు, గుండె, మూత్రపిండములు, కన్నులు అను నాలుగింటిలోని రక్తనాళములను చెరచుచుండును.

పోటును రెండు అంకెలతో తెలుపుదురు. గుండె ముడుచుకొనునపుడు ఉండునది పై అంకె. విప్పారునపుడు ఉండునది క్రింది అంకె. పెద్దవారిలో 120/80కి లోపుగా నుండుట మేలు. వైద్యశాలలో వేరువేరు దినములందు కొలిచినపుడు పై అంకె 140గాని, క్రింది అంకె 90గాని, అంతకు మించిగాని యున్నచో పోటు అధికమని నిర్ణయింతురు. ఇంటియొద్ద నెమ్మదిగా కూర్చుండి కొలిచినపుడు అంకెలు కొంచెము తక్కువగా వచ్చును గావున, అచట 135/85ను హద్దుగా తీసికొందురు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏండ్లు నిండిన పురుషులలో నూటికి 24 మందికిని, స్త్రీలలో నూటికి 21 మందికిని పోటు అధికముగా నుండుటయో, దానికై మందు వాడుచుండుటయో కనబడినది. కావున ఇది ఏ కొద్దిమందికో వచ్చిన యాపద కాదు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1945 ఏప్రిల్ 12వ తేదీన మెదడులో రక్తస్రావము కలిగి మరణించెను. ఆ దినమున వైద్యుడు కొలిచిన పోటు 300/190. ఆయన పోటు ఎక్కుచుండుటను అంతకుముందే వైద్యులు చూచుచుండిరి. అంతటి పదవిలోనున్న వానికి సైతము దానిని దించుటకు తగిన మందు ఆ కాలమున లేదు. మన దేశమున సర్పగంధ వేరు ఈ వ్యాధికి పనిచేయునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేను, కార్తీక చంద్ర బోసు వ్రాసిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన రోగుల యనుభవమును బ్రిటిష్ హార్ట్ జర్నలులో ప్రకటించిన పిమ్మట ప్రపంచము దాని వంక చూచినది. 1952లో ఆ వేరునుండి రిసర్పిన్ అను మందు తీయబడినది. 1958లో, మూత్రము ద్వారా ఉప్పును వెడలించు క్లోరోథయజైడు వాడుకలోనికి వచ్చినది. నేడు అంతకంటె మేలైన మందులు కలవు. కావున సర్పగంధ వేరును ఎవరంతట వారు నూరి త్రాగరాదు. 2017లో ఆరంభమైన భారత రక్తపు పోటు నియంత్రణ కార్యక్రమమున మొదటి దశలోనే చేరిన రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. ఇట్టి కార్యక్రమముల వలన మందుబిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోనే ఉచితముగా దొరకుచున్నవి. రూజ్వెల్టునకు దొరకని మందు మన అలమారులో నుండి, మ్రింగబడక పోవుట విచారకరము.

కొలుచుట

చేతికి పట్టీ చుట్టి పోటును కొలుచు పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి కనిపెట్టెను. 1905లో రష్యా వైద్యుడు కొరట్కోవ్ స్టెతస్కోపుతో చప్పుడును వినుట నేర్పెను. నేడు మీట నొక్కినంతనే అంకె చూపు యంత్రములు ఇంటింట వచ్చినవి. యంత్రము మంచిదైనను కొలుచు తీరు మంచిది కాకున్న అంకె అబద్ధమాడును. రోగి కాఫీ, టీ త్రాగిన అరగంటలోపున గాని, చుట్టయో బీడియో కాల్చిన వెంటనే గాని కొలువరాదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదములు నేలమీద మోపి, కాలిపై కాలు వేసికొనక, ఐదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. చొక్కా చేతిమీదుగా పట్టీ చుట్టరాదు. చేయి గుండె యెత్తున బల్లమీద నానియుండవలెను. కొలుచుచుండగా మాటలు కూడదు. ఇది చిన్న నియమముగా కనబడునుగాని, మన యిండ్లలో ఎక్కువగా తప్పునది ఇదే. ఒక నిమిషము విడిచి రెండవసారి కొలిచి, రెండు అంకెలను, తేదీని, వేళను వ్రాయవలెను. లావు చేయి గలవారికి పెద్ద పట్టీ కావలెను. ఇరుకు పట్టీ పోటును లేనంత ఎక్కువగా చూపును.

ఒక్కసారి ఎక్కువ వచ్చినంతమాత్రమున భయపడి గంటకు పదిమార్లు కొలుచుట మంచిది కాదు. భయమే పోటును పెంచును. పై అంకె 180గాని, క్రింది అంకె 120గాని దాటినచో, కొంతసేపు విశ్రాంతి నిచ్చి మరల కొలువవలెను. అప్పటికిని తగ్గనిచో అదే దినమున వైద్యునికి తెలుపవలెను. దానితోకూడ ఛాతీ నొప్పి, ఆయాసము, మాట తడబాటు, చూపు మందగించుట, మతి చలించుట ఇందేదియున్నను తత్క్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. పోటు ఎక్కువైనదని నాలుక క్రింద బిళ్ళ పెట్టి దానిని అమాంతముగా దించు అలవాటు ఒకప్పుడు ఉండెడిది. అది ప్రమాదకరమని తేలినది; అట్లు చేయరాదు.

ఉప్పు జాడీ

పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక టీ చెంచాకు మించి ఉప్పు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తాము ఎంత తినుచున్నారో ఎవరికిని తెలియదు. తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. ఇంట ఐదుగురు పెద్దవారు ఉన్నచో, దినమునకు 25 గ్రాముల వంతున నెలకు 750 గ్రాములగును. నెలకు ఎన్ని కిలో సంచులు కొనుచున్నారో ఇంటి యిల్లాలు లెక్క చూచుకొనవచ్చును. పచ్చళ్ళకై ఏడాదికొకసారి కొను ఉప్పును, బజారు తినుబండారములలో దాగివచ్చు ఉప్పును ఈ లెక్కకు కలుపవలెను.

తెలుగువారి భోజనమున కూరలో ఉప్పు తగ్గించి, ఆవకాయ జాడీని ప్రక్కనే యుంచుకొనుట పరిపాటి. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడములు, వడియములు, చల్ల మిరపకాయలు, ఎండుచేపలు, వీటన్నిటిని నిలువ యుంచునది ఉప్పే. వంటసోడాలోను, అప్పడపు పిండిలో కలుపు కారములోను, నీటిలో వేసినంతనే పొంగు బిళ్ళలలోను ఉప్పునందలి సోడియమే కలదు. సైంధవ లవణము మంచిదని కొందరు దానిని ధారాళముగా వాడుదురు. పోటు విషయమున అదియు ఉప్పే. బజారులో “తక్కువ సోడియము” అని అమ్ము ఉప్పులో పొటాషియము చేర్చబడి యుండును. అది కొందరికి మేలు చేయునుగాని, మూత్రపిండముల జబ్బు గలవారికిని, కొన్ని పోటు మందులు వాడువారికిని ప్రాణాపాయము కలిగింపవచ్చును. వైద్యుని అడుగక దానిని వాడరాదు.

ఆవకాయను తెలుగువాని విస్తరినుండి ఒక్కనాటిలో తొలగింపగలమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. అయితే జాడీని వంటయింటనే యుంచి, ఎప్పుడో ఒకనాడు ఒక చిన్న బద్దను మాత్రము తెచ్చి వడ్డించుట సాధ్యము. పెరుగన్నములో ఉప్పు మానుట మరింత సులభము. ఉప్పు తగ్గినచోట నిమ్మరసము, చింతపండు, అల్లము, వెల్లుల్లి, కొత్తిమీర, ధనియాల పొడి రుచిని నిలుపును. కొంచెము కొంచెముగా తగ్గించినచో కొన్ని వారములలో నాలుక దానికి అలవాటుపడును. రోగికి మాత్రము వేరుగా చప్పిడి కూర వండి, తక్కినవారు అతని యెదుటనే రుచులారగించుట పరిచర్య కాదు, శిక్ష. ఇంటిల్లిపాదికి ఒకే కూర వండుట మేలు. పోటు తల్లిదండ్రులనుండి పిల్లలకు వచ్చు స్వభావము గలది గావున అది పిల్లలకును రక్ష.

మందుబిళ్ళలు

పోటు మందు జ్వరపు మందువలె కొన్ని దినములు వాడి మానునది కాదు. అంకె సరియైనదనగా మందు పనిచేయుచున్నదని అర్థము. జబ్బు పోయినదని కాదు. అన్ని బిళ్ళలను దినమున ఒక నిశ్చిత కార్యమునకు జతచేసి ఇచ్చినచో మరపు రాదు. పండ్లు తోముకొనుటకో, దీపము పెట్టుటకో జతచేయవచ్చును. మూత్రము ఎక్కువగా పోవునట్లు చేయు బిళ్ళను ఉదయమే ఇచ్చుట మంచిది, లేనిచో రాత్రి నిద్ర చెడును. ముసలివారు బిళ్ళ వేసికొన్న పిమ్మట పడకనుండి ఒక్కసారిగా లేచినచో కన్నులు తిరిగి పడిపోవచ్చును. కావున ముందు కొంతసేపు మంచముపై కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండి, పిదప లేవవలెను. ఆమ్లోడిపిన్ వలన కొందరికి చీలమండలు ఉబ్బును. వేరొక జాతి మందుల వలన కొందరికి పొడిదగ్గు వచ్చును. ఇట్టివి కలిగినపుడు వైద్యునికి చెప్పిన వేరు మందు ఇచ్చును. చెప్పక మానివేయుట తప్పు. అటినోలాల్, మెటోప్రోలాల్ వంటివానిని ఉన్నపళముగా మానుట గుండెకు మిక్కిలి హానికరము. డిజాక్సిన్ వాడువారికి బిళ్ళ ఇచ్చుటకు ముందు ఒక నిమిషము నాడి చూడవలెను. 60కి తక్కువ యున్నను, వాంతి, ఆకలి లేమి, చూపున పసుపు రంగు కనబడినను బిళ్ళను ఆపి వైద్యుని అడుగవలెను.

మోకాళ్ళ నొప్పులకు దుకాణములో అడిగి తెచ్చుకొను డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు పోటును పెంచును, బలహీనమైన గుండెగలవారికి ఒంట నీరు చేర్చును. ఇంట ఒకరికి రెండు జబ్బులున్నపుడు, ఒక వైద్యుడు ఇచ్చిన మందు వేరొక వైద్యునికి తెలియకపోవుట తరచు జరుగుచున్నది. అందుకే ఆ నోటు పుస్తకము.

గుండె బలహీనమైన రోగి

కొందరిలో గుండె కావలసినంత రక్తమును నెట్టలేక, ఊపిరితిత్తులలోను కాళ్ళలోను నీరు చేరును. ఏండ్ల తరబడి హెచ్చిన పోటు, ఒకసారి వచ్చిన గుండెపోటు, చిన్నతనమున కీళ్ళవాతపు జ్వరము వలన చెడిన గుండె కవాటములు దీనికి ముఖ్య కారణములు. కీళ్ళవాతపు జ్వరము వచ్చిన బాలబాలికలకు మూడు వారములకొకసారి ఇచ్చు పెన్సిలిన్ సూదిమందును, పిల్లవాడు ఆడుకొనుచున్నాడను ధీమాతో మానరాదు.

నీరు చేరుచున్నదని అందరికంటె ముందు చెప్పునది తూనిక యంత్రము. ప్రతి ఉదయము మూత్రవిసర్జన యైన పిమ్మట, ఏమియు తినక మునుపు, ఒకే విధమైన దుస్తులతో రోగిని తూచి వ్రాయవలెను. మూడు దినములలో 2 కిలోలకు మించి బరువు పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆయాసము లేకున్నను ఆ దినముననే వైద్యునికి తెలుపవలెను. తూనిక యంత్రము లేని యింట, మోకాటి క్రింది యెముకపై బొటనవ్రేలితో కొన్ని క్షణములు నొక్కి చూడవలెను. గుంట పడి నిలిచినచో నీరున్నది. మంచమునందే యుండు రోగికి నీరు కాళ్ళలో కంటె నడుము క్రిందిభాగమున చేరును గావున అచట చూడవలెను. నిన్న ఒక తలగడతో నిద్రించినవాడు నేడు మూడు కోరినచో దానిని వ్రాయవలెను. మెట్లెక్కుచు మధ్యలో నిలుచుట, రాత్రివేళ దగ్గు, కొత్తగా మొలత్రాడు బిగువగుట, ఇవియన్నియు వార్తలే. రోగి స్వయముగా వీనిని చెప్పడు. ఇంటివారికి శ్రమ యని దాచును.

నడిరేయి ఊపిరాడక లేచినవానిని పడుకొనబెట్టరాదు. కూర్చుండబెట్టి, వీపునకు దిండ్లు చేర్చి, కాళ్ళు క్రిందికి వ్రేలాడనిచ్చి, కిటికీ తెరచి, ప్రక్కనే యుండి, మరియొకరిచేత వాహనమును పిలిపింపవలెను. ఆ సమయమున రోగిని భయపెట్టునది ఒంటరితనము. చేయి పట్టుకొని యుండుట మందు కాకపోయినను మందువంటిదే.

నీరు త్రాగుటకు వైద్యుడు హద్దు పెట్టినచో, ఉదయమే ఆ కొలత నీటిని ఒక చెంబులో పోసి యుంచవలెను. రోగి కాఫీ, మజ్జిగ, చారు ఏది త్రాగినను అంత నీటిని చెంబునుండి తీసివేసినచో మిగిలినది కంటికి కనబడుచుండును. మలబద్ధము కలుగనీయరాదు, ముక్కుట వలన గుండెకు శ్రమ అధికము. మంచముపై బెడ్‌పాన్ ఇచ్చుట విశ్రాంతి యని చాలమంది తలంతురు. దానిపై ఒదిగి కూర్చుండుటయే రోగికి కష్టము. వైద్యుడు ఒప్పినచో మంచము ప్రక్కన కమోడు కుర్చీ యుంచుట మేలు. లేవలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుచు, మడమలు, తుంటి, నడుము ఎఱ్ఱబడినవేమో చూడవలెను. పడకపుండు మొదట ఎఱ్ఱదనముగానే వచ్చును.

విశ్రాంతిని గూర్చి పాత నమ్మకము ఇంకను పోలేదు. గుండెపోటు వచ్చినవానిని ఆరు వారములు మంచముపై కదలనీయక పరుండబెట్టు కాలము ఒకటి యుండెను. 1952లో అమెరికా వైద్యులు సామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అట్టి రోగులను కొద్ది దినములలోనే చేతుల కుర్చీలో కూర్చుండబెట్టి, అది హాని చేయదని చూపిరి. నేడు ఉపద్రవము లేని రోగులను వైద్యులు ఒకటి రెండు దినములలోనే లేపి కూర్చుండబెట్టి, క్రమముగా నడిపించుచున్నారు. ఇంటికి వచ్చిన పిమ్మట ప్రేమతో మంచమునకు కట్టివేయుట వలన కాళ్ళలో రక్తము గడ్డకట్టును, ధైర్యము సన్నగిల్లును. నడచుచు మాటలాడగలిగినంత వేగము మంచి వేగము. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా మాత్రము ఏ కొలతలోను తగవు.

పరామర్శకులను గూర్చి ఒక మాట. ఇదే జబ్బుతో ఎవరెవరు పోయిరో లెక్క చెప్పువారు కొందరు, “నీకేమియు లేదు, మందులు మాను” అనువారు కొందరు. ఫ్లారెన్స్ నైటింగేలు 1859లో ప్రకటించిన పరిచర్యా గ్రంథమునందే ఇట్టి కాలక్షేపపు ఓదార్పులను, సలహాలను గట్టిగా మందలించెను. వారిని వసారాలోనే కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చి పంపుట అమర్యాద కాదు.

ఆలసింపరాని వేళలు

ఛాతీ నడుమ బరువు పెట్టినట్లు, బిగించినట్లు నొప్పి కలిగి, విశ్రాంతితో కొద్ది నిమిషములలో తగ్గక, ఎడమచేతికిగాని, దవడకుగాని, వీపునకుగాని ప్రాకుచు చెమట పోసినచో దానిని వాయువని త్రోసివేయరాదు. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహము గలవారిలోను నొప్పి లేక, కేవలము ఆయాసము, వికారము, నిస్సత్తువ మాత్రమే కనబడవచ్చును. రోగిని నడువనీయక, అర్ధముగా కూర్చుండబెట్టి 108కి ఫోను చేయవలెను. ఆస్పిరిన్ పడదని గాని, రక్తస్రావమున్నదని గాని తెలియనిచో, ఫోనులోని వారినో వైద్యునినో అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలించవచ్చును. నాలుక క్రింద ఉంచు బిళ్ళను, అది ఆ రోగికే వైద్యుడు వ్రాసి యిచ్చినదైననే, కూర్చుండబెట్టి ఇవ్వవలెను. రోగి కుప్పకూలి, పిలిచిన పలుకక, శ్వాస సరిగా లేనిచో, గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులు ఒకదానిపై ఒకటి యుంచి, 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 సారులు, సహాయము వచ్చువరకు ఒత్తుచుండవలెను.

మూతి ఒక ప్రక్కకు వంకరపోవుట, ఒక చేయి ఎత్తలేకపోవుట, మాట ముద్దయగుట పక్షవాతపు గుర్తులు. అప్పుడు ఆస్పిరిన్ ఇవ్వరాదు. మెదడులో రక్తము చిట్లినదో, గడ్డ కట్టినదో పరీక్షింపక తెలియదు. నోటిలో నీరు, అన్నము, పసరు పోయరాదు. రోగి చివరగా ఏ వేళకు బాగుగా నుండెనో వ్రాసికొని వెంటనే తరలింపవలెను. గడ్డను కరగించు మందు సాధారణముగా ఆ వేళనుండి నాలుగున్నర గంటల లోపుననే ఇయ్యదగును. ఆకుపసరు వైద్యమునకై ముందు వేరొక ఊరికి తీసికొనిపోవుట వలన ఈ గంటలు వ్యర్థమగుచున్నవి.

ఆసుపత్రికి పోవునపుడు నోటు పుస్తకమును, వాడుచున్న బిళ్ళల అట్టలన్నిటిని ఒకే సంచిలో వేసి తీసికొనిపోవలెను. వైద్యుడు మొదట అడుగునది ఎప్పుడు మొదలైనది, ఏ మందులు వాడుచున్నారు అని. ఆ సంచి తలుపు ప్రక్కన, ఇంట అందరికిని తెలిసిన కొక్కెమునకు వ్రేలాడుచుండవలెను.